గెరారులో అబ్రాహాము పొరబాటు: నీతికి మూలము, ప్రభుత్వము, మన సంఘము

ఉపోద్ఘాతము

చైతన్యపురిలోని మా సంఘమునకు వచ్చే యౌవనస్థులలో సగానికి పైగా బయటి ఊళ్లవారే. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదువుకొనుటకు వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారు. ఒక బుధవారము బైబిలు అధ్యయనములో వారిలో ఒకరు మమ్మును ఇలా అడిగారు: "అయ్యగారూ, దేవుడు లేడనేవాడికి నీతి ఉండదని మీరు ప్రసంగాల్లో చెప్తారు. మా రూములో ఒకతను దేవుణ్ణి నమ్మడు. పోయిన నెల నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నది అతనే. మన సంఘం వాళ్లు ఫోన్ చేసి ప్రార్థన చేశారు. మరి అతనికి ఆ నీతి ఎక్కడ నుంచి వచ్చినట్టు?"

సాధారణ కృపను గూర్చి నాలుగు మాటలు చెప్పి ముగించాము. సిద్ధాంతము ప్రకారము ఆ జవాబులో తప్పు లేదు. అయితే ఇరవై ఏండ్లకు పైగా ప్రసంగ వేదిక మీద నుండి మేము చెప్పుచు వచ్చిన మాటను అది సరిచేయలేదు. ఆ మాటను, దాని వెంట వచ్చే మరియొక మాటను ఈ వ్యాసములో విమర్శకు పెట్టుచున్నాము.

మన ప్రసంగములలోను కరపత్రములలోను తరచుగా కనబడే వాదము ఇది. ఒకటి, నీతి మతము నుండి పుట్టుచున్నది గనుక మతము లేనిచోట నీతి నిలువదు. రెండు, కాబట్టి ప్రజలు నీతిమంతులు కావలెనంటే ప్రభుత్వము మతమునకు అండగా ఉండవలెను. ఈ వాదము క్రైస్తవులది మాత్రమే కాదు. హిందువులలోను ముస్లింలలోను దీనిని తమ తమ మాటలలో చెప్పేవారు ఉన్నారు. ఏ మతమునకు అండ అన్నచోట మాత్రమే భేదము వచ్చుచున్నది. ఈ రెండు మాటలను మొదట వాక్యము ఎదుట, తరువాత మన తెలుగు నేల మీద జరిగిన ఒక చరిత్ర ఎదుట పెట్టి పరిశీలించెదము. ఆ చరిత్ర బాపట్ల, చీరాల మధ్యనున్న స్టూవర్టుపురమునకు చెందినది.

1. గెరారులో జరిగినది

ఆదికాండము 20వ అధ్యాయములో అబ్రాహాము గెరారుకు వచ్చి, శారాను తన చెల్లెలని చెప్పాడు. రాజైన అబీమెలెకు ఆమెను తన ఇంటికి తెప్పించుకొన్నాడు. దేవుడు కలలో హెచ్చరింపగా రాజు తెల్లవారగానే లేచి సేవకులతో సంగతి చెప్పాడు. వారు ఎంతో భయపడ్డారు (20:8). పిమ్మట రాజు అబ్రాహామును పిలిపించి, మాకు ఎందుకిట్లు చేశావని నిలదీశాడు. అబ్రాహాము చెప్పుకొన్న సంజాయిషీ మన విషయమునకు కీలకము. ఇక్కడివారికి దైవభయము ఉండదనియు, భార్య కొరకు తన్ను చంపుదురనియు తాను అనుకొన్నాడట (20:11).

అనగా మన వాదములోని మొదటి మాటను విశ్వాసులకు తండ్రియే ఇక్కడ పలికాడు. అధ్యాయము మొత్తము ఆ మాట పొరబాటని చూపుచున్నది. భయము లేదనుకొన్నచోట భయము కనబడింది. ప్రవక్త సత్యమును దాచగా అన్యరాజు సత్యమును అడిగాడు. ఒక స్త్రీని తన ఇంటికి తెప్పించుకొన్న రాజు నిర్దోషి అని మేము అనడము లేదు. అయినను తప్పు తెలిసిన వెంటనే దిద్దుకొన్నవాడు అతడే.

ఇందులో మనము గమనించవలసిన ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. ఎదుటివారికి నీతి లేదనే ఊహ అబ్రాహామును జాగ్రత్తపరునిగా చేసి విడిచిపెట్టలేదు. అది అతనిని అనీతికి నడిపింది. ఆ ఊహకు మూల్యము చెల్లించినది అతడు కాదు, శారా. అబ్రాహాము ఏర్పాటు దీనివలన రద్దు కాలేదు. అధ్యాయము చివర రాజు కొరకు ప్రార్థించినవాడు అతడే (20:17). దేవుని ఏర్పాటు నీతి మీద గుత్తాధిపత్యము కాదని మాత్రమే ఈ లేఖనము బోధించుచున్నది. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలో ధర్మశాస్త్రసారము వ్రాయబడి ఉన్నదని పౌలు చెప్పినదియు ఇదే (రోమా 2:14-15).

2. స్టూవర్టుపురము: మతము చేతికి ప్రభుత్వపు కఱ్ఱ

ఇక మన వాదములోని రెండవ మాట, అనగా ప్రభుత్వము మతమునకు అండగా నిలిస్తే జనులు నీతిమంతులగుదురన్న మాట. ఈ ప్రయోగము మన ప్రాంతములో నిజముగానే జరిగింది. అండ పొందినది క్రైస్తవ్యమే.

బ్రిటిషు ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసింది. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాష్ట్రమునకును వర్తించింది. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించే అధికారము ప్రభుత్వమునకు ఉన్నది. ఆ ప్రకటన సరియైనదా కాదా అని ఏ న్యాయస్థానమును ప్రశ్నించుటకు వీలు లేదు. ప్రకటింపబడిన తెగవారి పేర్లను, వేలిముద్రలను నమోదు చేయవచ్చును. వారిని ఒక చోట నిర్బంధముగా నివసింపజేయవచ్చును. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పాఠశాలలలో పెట్టుటకును చట్టము అవకాశమిచ్చింది. ఆ జాతిలో పుట్టుటయే నేరమునకు ఆధారమయింది.

మన ప్రాంతములో ఈ చట్టము క్రింద నలిగినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన చరిత్ర గ్రంథము వారి పూర్వస్థితిని వివరించుచున్నది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసుకొని తీరము నుండి లోపలి గ్రామములకు తిరిగి అమ్ముకొనే వ్యాపారము వారిలో అనేకులకు ఉండేది. రైలు మార్గములు, ప్రభుత్వపు ఉప్పు విధానము ఆ వ్యాపారమును దెబ్బతీశాయి. అడవి చట్టముల వలన బుట్టల అల్లికకు కావలసిన సరుకు కూడ అందకుండ పోయింది. బ్రతుకుతెరువు పోయిన సంచారులు ప్రభుత్వము దృష్టిలో అనుమానితులైనారు. జీవనము చెడినందువలన వచ్చిన సమస్యకు పుట్టుకతో వచ్చిన దుర్నీతి అని పేరు పెట్టారు.

దుర్నీతి అని పేరు పెట్టిన తరువాత దానికి మందుగా మతమును పిలుచుట సులభము. సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యము) ముందుకు వచ్చింది. భారతదేశములో ఆ సంస్థ పనిని 1882లో ప్రారంభించిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ పూర్వము పంజాబులో ప్రభుత్వాధికారి. నేరస్థులను బాగుచేయుటను ఒక వైద్య శాస్త్రమువలె వర్ణిస్తూ ఆయన ఒక పుస్తకమే వ్రాశాడు. 1913లో వెలసిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. రక్షకుని పేర పని చేయుటకు వచ్చిన సంస్థ నడిపిన ఊరికి ఒక అధికారి పేరు వచ్చుట గమనింపదగినది.

న్యాయముగా చెప్పవలెనంటే అక్కడ మేలు జరుగలేదని అనకూడదు. సేద్యమునకు భూమి, పిల్లలకు బడి, రోగులకు వైద్యము వచ్చినవి. పోలీసు ఠాణా కంటె మిషనరీ నయమని తలంచిన కుటుంబములు ఉండియుండవచ్చును. అయితే హాజరు పట్టీయు, బయటికి వెళ్లుటకు పాసు ఇచ్చే అధికారమును సువార్త చెప్పేవారి చేతిలోనే ఉన్నవి. చీరాల పొగాకు కర్మాగారమునకు అక్కడి నుండి కూలీలు వెళ్లారు. ఇట్టిచోట ఆరాధనకు వచ్చినవారిలో ఇష్టముతో వచ్చినది ఎవరో, పాసు కొరకు వచ్చినది ఎవరో బోధకునికి తెలిసే మార్గమేది? ఆ ఆరాధకునికైనను తన హృదయము తనకు తెలిసే మార్గమేది? బలవంతము నీడ పడినచోట మారుమనస్సును కొలుచుటకు సాధనము లేదు. ఇది ఆ మిషనరీల వ్యక్తిగత దోషము కాదు. కఱ్ఱయు గ్రంథమును ఒకే చేతిలో ఉన్నప్పుడు ఎంత మంచివానికైనను జరిగేది ఇదే.

3. కావలి, బాప్టిస్టుల మరపు

ఈ విషయములో సాల్వేషన్ ఆర్మీని మాత్రమే తప్పుపట్టి మనము తప్పించుకొనలేము. నెల్లూరు జిల్లా కావలిలో ఎరుకలవారి సెటిల్‌మెంటును నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషను. తెలుగు క్రైస్తవులలో అనేకులకు ఆత్మీయ మాతృసంస్థ అది.

బాప్టిస్టుల చరిత్ర తెలిసినవారికి ఇది బాధ కలిగించును. మనస్సాక్షిపై అధికారులకు హక్కు లేదని బోధించి మసాచుసెట్స్ నుండి వెళ్లగొట్టబడిన రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్సును స్థాపించాడు. అమెరికాలోని తొలి బాప్టిస్టు సంఘము వెలసినది అక్కడే. మతమునకు ప్రభుత్వమునకు మధ్య గోడ అనే ప్రసిద్ధమైన పోలికను జెఫర్‌సన్ 1802లో వ్రాసినది డాన్‌బరీ బాప్టిస్టులకు ఇచ్చిన జవాబులోనే. అనగా ఆ గోడ కావలెనని అడిగినవారు నాస్తికులు కారు, విశ్వాసులే. అక్కడ తాము తక్కువమందిగా ఉన్నప్పుడు కోరిన గోడను, ఇక్కడ అధికారము తమవైపు ఉన్నప్పుడు వారి వారసులు మరచిపోయారు. విడదీయబడవలెననే సిద్ధాంతము బలహీనుడైనప్పుడు గుర్తుకు వచ్చి, బలము వచ్చినప్పుడు మరుగునపడుట మన సంఘములన్నిటికి హెచ్చరిక.

4. నాస్తికులు వచ్చినప్పుడు

నేరస్థ జాతుల చట్టము మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయింది. కాని పేరు పోలేదు. 1991లో వచ్చిన చలనచిత్రములలోను, 2023లో వచ్చిన చిత్రములోను ఆ ఊరు దొంగల ఊరుగానే తెరకెక్కింది.

1970 దశకములో ఆ ఊరికి వెళ్లి, ఇండ్లలోను జైళ్లలోను ఉన్నవారిని కలిసి, నేరజీవితమును విడిచిపెట్టుటకు వారితో మాట్లాడి, పునరావాసము కొరకు పాటుపడిన దంపతులు హేమలత, లవణం. లవణం విజయవాడ నాస్తిక కేంద్రమును నెలకొల్పిన గోరా (గోపరాజు రామచంద్రరావు) కుమారుడు. హేమలత మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె. జాషువా పుట్టినది క్రైస్తవ కుటుంబములో. ఆయన "క్రీస్తు చరిత్ర" కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించింది. అట్టి ఇంటి బిడ్డ సంఘము పక్షమున కాక నాస్తికుల పక్షమున స్టూవర్టుపురములో అడుగుపెట్టింది.

వారు కూడ ప్రభుత్వ సహకారమును కోరారు. నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు వారికి ప్రోత్సాహమిచ్చారు. అయితే భేదము ఒకటున్నది. వారి చేతిలో హాజరు పట్టీ లేదు. వినకపోయినవానికి వారు విధించగల శిక్ష ఏదియు లేదు. వారి పని సంపూర్ణముగా ఫలించిందని మేము చెప్పడము లేదు. కాని వారి మాట విన్నవాడు ఇష్టముతోనే విన్నాడని చెప్పవచ్చును.

మత్తయి 21:28-31లో ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానము ఇక్కడ మన మీదికే వచ్చుచున్నది. ఒకడు పోనని చెప్పి, తరువాత తోటకు వెళ్లాడు. మరియొకడు పోవుదునని చెప్పి వెళ్లలేదు. తండ్రి ఇష్టప్రకారము చేసినది ఎవడని ప్రభువు అడిగిన ప్రశ్నకు నోటి ఒప్పుకోలును బట్టి జవాబు చెప్పుటకు వీలు లేదు.

5. గోరా జవాబుకు మా ప్రతివాదము

అయితే నీతి ఎక్కడ నుండి వచ్చుచున్నది అన్న ప్రశ్నకు నాస్తికుల జవాబు సరిపోవునా? గోరా తన విశ్వాసరాహిత్యమునకు వెల చెల్లించిన మనిషి. 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొన్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును ప్రారంభించాడు. గాంధీజీతో ఆయన జరిపిన సంభాషణలు 1951లో పుస్తకముగా వచ్చినవి. తన పెద్ద కుమార్తెను దళిత యువకునికి ఇచ్చి, 1948లో సేవాగ్రామములో వివాహము జరిపించాడు. మన సంఘములలోని ఎన్ని వివాహములు నేటికిని కులమును దాటలేకపోవుచున్నవో తలంచుకొని, ఆ మనిషిని గౌరవముతో విమర్శించవలెను.

దేవుని నమ్మేవాడు తన్ను తాను బానిసగా తలంచి బాధ్యతను దేవునిపై నెట్టివేయుననియు, తాను స్వతంత్రుడనని గ్రహించినవాడే బాధ్యత వహించుననియు గోరా వాదము. సంఘజీవనమునకు నీతి అవసరము గనుక స్వతంత్రుడైన మనిషి నీతిగా నడుచునని ఆయన ఆశ. మొదటి భాగములో మనకు చెందవలసిన గద్దింపు ఉన్నది. దేవుని చిత్తమని చెప్పి చేతులు దులుపుకొనే భక్తిని ప్రవక్తలును గద్దించారు.

కాని రెండవ భాగము 1911 చట్టము ఎదుట నిలువదు. ఎరుకలవారిని ఊరికి దూరముగా పెట్టవలెనని కోరినది ఆనాటి సంఘమే. భూస్వాములకు, అధికారులకు, కర్మాగారమునకు ఆ చట్టము అవసరమే. నీతికి పుట్టినిల్లు సంఘావసరమే అయితే, సంఘమంతయు ఒక పసిబిడ్డను దొంగ అని పిలిచినప్పుడు ఆ బిడ్డ పక్షమున మాట్లాడుటకు ఏ ఆధారము మిగులును? చట్టమే నీతి అని కూడ అనలేము. ఆ అన్యాయము జరిగినది చట్టబద్ధముగానే. మతమే నీతికి మూలమని కూడ అనలేము. ఆ చట్టమునకు చేయూతనిచ్చినది మన మతమే.

కాబట్టి మూలము ఈ మూటికిని పైన ఉండవలెను. ప్రతి మనిషియు దేవుని స్వరూపమందు చేయబడ్డాడు (ఆది. 1:27). ఆ బిడ్డ విలువ సంఘము ఇచ్చినది కాదు, ప్రభుత్వము ఇచ్చినది కాదు, బాప్తిస్మము ఇచ్చినదియు కాదు. ఆ విలువను గుర్తించే మనస్సాక్షి అందరికి ఇవ్వబడింది. జ్వరముతో పడియున్న స్నేహితుని ప్రక్కన కూర్చున్న ఆ నాస్తిక యువకుడు దేవుడిచ్చిన మనస్సాక్షితోనే కూర్చున్నాడని మేము నమ్ముచున్నాము. అతడు ఒప్పుకొననంత మాత్రమున ఆ మనస్సాక్షి అతనిలో లేకుండ పోలేదు. దానిని మన సొత్తని చెప్పుకొనే హక్కును మనకు లేదు.

6. రాజ్యాంగము గీసిన గీత

భారత రాజ్యాంగమును ఈ వెలుగులో చదివితే అది విశ్వాసమునకు శత్రువు కాదని తెలియును. 25వ అధికరణము మతస్వేచ్ఛను ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు లోబరచి ఇచ్చింది. అనగా మతమును నీతి ఎదుట నిలువబెట్టి ప్రశ్నించవచ్చునని అర్థము. 27వ అధికరణము ఏ ఒక్క మతమును పోషించుటకు ప్రత్యేకముగా పన్ను వేయరాదని చెప్పుచున్నది. 28వ అధికరణము పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడిచే విద్యాసంస్థలలో మతబోధను నిషేధించింది. మతములను గూర్చి నేర్పుట మతబోధ కాదని 2002లో అరుణారాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ భేదము సరియైనదే. కాని నేర్పేవాని చేతిలో అది ఎంత సులభముగా చెరిగిపోవునో ఉపాధ్యాయులు ఎరుగుదురు.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ రాజ్యాంగ నైతికతను గూర్చి మాట్లాడుచు, అది సహజముగా పుట్టేది కాదనియు, అలవరచుకొనవలసినదనియు హెచ్చరించారు. అలవరచే పనిలో సంఘమునకు చోటున్నది. అయితే ఆ చోటు అధికారము ప్రక్కన వేసిన కుర్చీ కాదు.

7. బేతేలు, మన వీధి

ఇంతవరకు చెప్పినది గడచినవారి తప్పిదము. ఇప్పుడు మన సంగతి చెప్పవలెను.

తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వము మతమునకు ధనమిచ్చుట అన్ని వైపులా జరుగుచు వచ్చింది. 2007లో చిన్న ఆలయములకు ధూపదీప నైవేద్య పథకము, 2008లో క్రైస్తవుల యెరూషలేము యాత్రకు సహాయము, తెలంగాణలో ఇమాములకు గౌరవవేతనము, విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయలు. తెలంగాణ ఏర్పడిన తరువాత క్రిస్మసు విందులు, బట్టల ప్యాకెట్లు ప్రభుత్వము పక్షమున ఏర్పాటైనవి.

ఒక సంవత్సరము మా సంఘములోను ఆ ప్యాకెట్లు పంచాము. విధవరాండ్రు చీరలు చూచి సంతోషించారు. దానిని మేము చిన్నచూపు చూడము. పంచుటకు వచ్చిన స్థానిక నాయకునికి ప్రసంగ వేదిక మీద కుర్చీ వేశాము. ఆ ఆదివారము కొరకు మేము సిద్ధపరచుకొన్నది ఆమోసు 5వ అధ్యాయము, బీదలను త్రొక్కుటను గూర్చినది. ఉదయము దానిని ప్రక్కన పెట్టి, బేత్లెహేము గొల్లలను గూర్చి మాట్లాడాము. ఎవరును మమ్మును బెదిరింపలేదు, ఎవరును అడుగలేదు. మాకు మేముగా మార్చుకొన్నాము.

ఆమోసు 7:10-13లో బేతేలు యాజకుడైన అమజ్యా ప్రవక్తను వెళ్లిపొమ్మన్నాడు. ఆమోసు మాటలు అబద్ధమని అమజ్యా అనలేదు. బేతేలు రాజుగారి పరిశుద్ధస్థలము గనుక అక్కడ ఆ మాటలు పలుకరాదన్నదే అతని అభ్యంతరము. ఆ ఆదివారము మాలో ఆమోసును వెళ్లగొట్టిన అమజ్యా మేమే.

హక్కునకు, కానుకకు భేదము ఉన్నది. బీదరాలికి ప్రభుత్వమిచ్చే పింఛను పౌరురాలిగా ఆమె హక్కు. అది క్రైస్తవురాలని ఇచ్చినది కాదు. పాస్టరుకు పాస్టరైనందున ఇచ్చేది కానుక. కానుకకు కృతజ్ఞత ఎదురుచూడబడును. మరియొక వైపు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా లేదు. అది ప్రభుత్వము ఒకని మతమును చూచి హక్కును నిరాకరించుట. ఈ అన్యాయమును అడుగవలసిన నోరు ప్యాకెట్లకు వందనములు చెప్పుటలో అలసిపోకూడదు. మతమును బట్టి మేలు చేయుము, మతమును బట్టి కీడు చేయకుము అని ఒకే నోటితో అడుగుట న్యాయము కాదు.

మా చైతన్యపురిలోనే మూసీ ఒడ్డున, ఫణిగిరి కాలనీ గుట్ట మీద ఒక ప్రాకృత శాసనమున్నది. బ్రాహ్మీ లిపిలో, సుమారు క్రీ.శ. 5వ శతాబ్దములో, విష్ణుకుండి రాజుల కాలమున చెక్కినదని చరిత్రకారులు చెప్పుచున్నారు. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారము ప్రస్తావన అందులో ఉన్నది. నేడు ఆ గుట్ట మీద నరసింహస్వామి ఆలయమున్నది, విహారము లేదు. విహారము ఎట్లు పోయినదో మేము తీర్పు చెప్పము. రాజు పేరు దానిని నిలుపలేకపోయిందన్నది మాత్రము కంటికి కనబడుచున్నది. సృష్టికర్తను గూర్చి మాట్లాడని ఆ భిక్షువులు శీలమును బోధించినదియు ఈ గుట్ట మీదనే. గెరారు మన వీధిలోనే ఉన్నది.

ముగింపు

మతమును ప్రభుత్వమును వేరుగా ఉంచుట అనగా నీతికి దేవుడు మూలము కాడని ఒప్పుకొనుట కాదు. నీతికి మూలమైనవాడు రెండింటికిని పైనున్నాడు గనుక, రెండింటిలో ఏదియు రెండవదాని కఱ్ఱను పట్టుకొనరాదని చెప్పుటయే. సంఘము ప్రభుత్వమును గద్దింపవలెనంటే దాని చేతి నుండి తినకూడదు. ప్రభుత్వము అందరికి న్యాయము చేయవలెనంటే ఏ బలిపీఠము దగ్గరను మోకరింపకూడదు.

సేవలోనున్న సోదరులకు మా మనవి రెండు మాటలు. దేవుడు లేడనేవానికి నీతి లేదని ఇక ప్రసంగింపవద్దు. ఆ మాట పలికిన అబ్రాహాము తన భార్యను అపాయములో పెట్టాడు. నాయకులు ఆలయమునకు వచ్చినప్పుడు అందరితో పాటు క్రింద కూర్చుండబెట్టుడి, వేదిక మీద కాదు.

ఆ యౌవనస్థునికి మరుసటి బుధవారము మా జవాబును మార్చి చెప్పాము. నీ స్నేహితుని నీతి దేవుని యొద్ద నుండి వచ్చినదే, మేము ఇంతకాలము చెప్పినది పొరబాటని ఒప్పుకొన్నాము. అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే అయ్యగారూ, ఈసారి అతనికి జ్వరం వస్తే మనం వెళ్లాలి కదా" అన్నాడు. వెళ్లవలెను. ఆమోసు 5వ అధ్యాయము మీది ఆ ప్రసంగమును కూడ మేము ఇంకను చేయవలసియున్నది.